నిప్పెక్కడ పెడదాం?

సముద్రం పక్క ఊళ్ళలో చలేమిటని నవ్వేవాళ్ళు పుష్యమాసంలో ఒకసారి మా వైపు వచ్చి, తెల్లవారుజామున ఒక చెంబుడు నీళ్ళు నెత్తిన పోసుకుని చూడాలి. లెక్కకి అది 16, 17 డిగ్రీలే. ఢిల్లీ వాడు ఆ మాత్రానికి స్వెట్టరు కూడా తొడగడు. కానీ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇళ్ళు ఎండకీ గాలివానకీ భయపడి కట్టినవి. చలి సంగతి ఎవరూ ఆలోచించలేదు. స్నానాలగది ఇంటికి ఓ మూలన ఉంటుంది. పైన జానెడు కిటికీ, కింద చల్లటి నాపరాయి. సీతంపేట, పాచిపెంట కొండల మీంచి దిగిన చలి ఆ గదిలో దూరిందంటే సంక్రాంతి వెళ్ళేదాకా ఖాళీ చెయ్యదు.

అందుకే కార్తీకం దాటేసరికి విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల షాపుల్లో ఫ్యాన్ల పెట్టెలు లోపలికి పోయి గీజర్ల పెట్టెలు మెట్లమీదికి వస్తాయి. ఈ ఏడు మా ఇంట్లోనూ ఆ ప్రస్తావన వచ్చింది. పాత గీజరు అడుగునుంచి కారడం మొదలెట్టింది. మళ్ళీ కరెంటు ట్యాంకుదే కొనాలా, లేకపోతే ట్యాంకు గొడవ లేకుండా పైపులో వెళ్తూ వెళ్తూ నీళ్ళు వేడెక్కే గ్యాసుది పెట్టించాలా? మా ఆవిడదొక మాట, ఎలక్ట్రీషియన్‌దొక మాట, అమెరికాలో ఉన్న మేనల్లుడు ఫోనులో చెప్పింది మరో మాట. నాకు మాత్రం ఈ చర్చంతా చాలా పాతదనిపించింది. నిప్పు ఎక్కడ పెట్టాలి, దాని పక్కన ఎవరు ఉండాలి అన్నదే అసలు తగువు. మిగతాది కంపెనీ పేర్లు.

దానికి ముందు ఒక మాట చెప్పాలి. గీజరు అవసరంలో సగం మనం తెచ్చిపెట్టుకున్నదే. చలికాలంలో నూతినీళ్ళు గోరువెచ్చగా ఉంటాయని మా తరం దాకా అందరి ఒంటికీ తెలుసు. భూమి లోపలి నీరు ఆ ప్రాంతపు ఏడాది సగటు వేడికి దగ్గరగా ఉంటుంది. మా దగ్గర అది ఇంచుమించు 27 డిగ్రీలు. బయట 17 ఉన్నప్పుడు చేద పైకి లాగితే నీళ్ళ మీద సన్నగా ఆవిరి ఆడేది. ఇప్పుడు ఆ నీళ్ళనే రాత్రి మోటారు వేసి మేడమీది నల్ల సింటెక్స్ ట్యాంకులోకి ఎక్కిస్తున్నాం. రాత్రంతా మంచులో చల్లారబెడుతున్నాం. తెల్లారాక డబ్బు పోసి మళ్ళీ వేడి చేస్తున్నాం. తెల్లవారుజామున మోటారు వేసి, వచ్చిన నీళ్ళు వచ్చినట్టే పట్టుకుంటే, 20 డిగ్రీల నుంచి 40కి తీసుకెళ్ళే బదులు 27 నుంచి 40కి తీసుకెళ్తే చాలు. గీజరు పని మూడో వంతు తగ్గిపోతుంది. ఏ షాపువాడూ ఈ సంగతి చెప్పడు, చెప్పాలని ఆశించడం కూడా అన్యాయం.

మా అత్తవారిది ఉద్దానం, కవిటి వైపు. అక్కడ పెరట్లో నీళ్ళపొయ్యి ఇప్పటికీ ఉంది. మూడు రాళ్ళు, మసిబారిన పెద్ద డేగిసా, పక్కన కొబ్బరి డొక్కలు, మట్టలు, ఎండు కమ్మలు. డొక్క ఒక పట్టాన అంటుకోదు. ముందు కమ్మలతో రాజెయ్యాలి, తరవాత డొక్కలు ఒక్కొక్కటే బోర్లించి పేర్చాలి, గాలి ఆడకపోతే గొట్టంతో ఊదాలి. అంటుకున్నాక మాత్రం గంటల తరబడి నిదానంగా రాజుకుంటూనే ఉంటుంది. ఒకరి స్నానానికి రెండు చెంబులు ముంచి తీస్తే, రెండు చెంబుల చన్నీళ్ళు డేగిసాలో పోసెయ్యాలి. అది ఆ ఇంటి చట్టం. పోయకుండా వెళ్ళిపోయిన అల్లుడి గురించి వంటింట్లో ఏమనుకుంటారో నాకు తెలుసు.

ఆ పొయ్యి పక్కన కూర్చునేది మా అత్తగారు. పొగంతా ఆవిడ కళ్ళల్లోకి. పిల్లలు, మగవాళ్ళు, చుట్టాలు, అందరి స్నానాలూ అయ్యేసరికి నిప్పు నివురు కప్పేసి ఉంటుంది, డేగిసాలో అడుగున మసినీళ్ళు. ఆవిడ స్నానం దాంతోనే. కొన్ని ఇళ్ళలో దీనికి తలకిందులు: వంటకి ముందే మడిగా ఉండాలని, ఇంకా పొయ్యి రాజెయ్యకముందే ఇల్లాలు చన్నీళ్ళు పోసేసుకుంటుంది. మొదట చేసినా ఆఖర్న చేసినా ఆవిడకి దొరికేవి చన్నీళ్ళే.

1999లో దీపం పథకం కింద డ్వాక్రా మహిళలకి గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు, 2016లో ఉజ్వల వచ్చింది. ఏడాదికి మూడు బండలు ఉచితమనే దీపం-2ని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 2024 నవంబరు 1న ప్రారంభించింది మా అత్తవారి పక్కనే, ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలో. నాలుగు నెలలకి ఒక బండ. మరి ఆ బండ నీళ్ళపొయ్యిని ఆర్పిందా అంటే, లేదు. కూర గ్యాసు మీద, నీళ్ళు డొక్కల మీద. "తిండికొచ్చిన బండ నీళ్ళకి కాల్చేస్తే రేపు కూడెలా వండుతాం?" అంటారు మా అత్తగారు. గ్యాసు గీజరు గురించి నేను విన్న వాదనల్లో ఇంత సూటిగా ఉన్నది మరొకటి లేదు. వంటకీ స్నానానికీ ఒకే బండ అయితే ఏది ముందన్న తగువు రోజూ ఉంటుంది. రెండో బండ కొనుక్కోగలిగిన ఇంటికే గ్యాసు గీజరు అందం.

ఆ అందం కాదనలేనిది. మా వీధిలో ఒకరింట్లో చూశాను. గోడకి తగిలించిన తెల్లటి రేకుపెట్టె, అడుగున చిన్న తలుపులో రెండు లావుపాటి బ్యాటరీలు. కుళాయి తిప్పగానే లోపల టకటకమని నిప్పురవ్వల చప్పుడు, భగ్గుమని ఒక ఊపు, చిన్న అద్దంలోంచి నీలిమంట వరస. పైపులో నిలవ ఉన్న చన్నీళ్ళు పోగానే వేడినీళ్ళు మొదలు. నిమిషానికి 6 లీటర్లు అంటే బక్కెట్టు నిండడానికి మూడు, మూడున్నర నిమిషాలు చాలు. పదిమంది చుట్టాలొచ్చినా పదో వాడికీ అవే నీళ్ళు. కరెంటు పోయినా పనిచేస్తుంది. ఒక్కటే పేచీ: నీళ్ళ ఒత్తిడి చాలకపోతే లోపలి పొర చాలినంత కదలదు, మంట రాదు. ట్యాంకుకి సరిగ్గా కిందనే ఉన్న పై అంతస్తువాళ్ళకి కుళాయి బారుగా తిప్పినా టకటకమంటుంది తప్ప వెలగదు.

నిమిషానికి 6 లీటర్ల నీళ్ళని పాతిక డిగ్రీలు పెంచాలంటే దాదాపు 10 కిలోవాట్ల సత్తువ కావాలి. మామూలు కరెంటు గీజరు 2 కిలోవాట్లది. అంటే ఆ రేకుపెట్టెలో అయిదు గీజర్ల మంట ఒకేసారి మండుతోందన్నమాట. మంటకి గాలి కావాలి. కిలో గ్యాసు పూర్తిగా కాలాలంటే 12, 13 ఘనపు మీటర్ల గాలి ఖర్చవుతుంది. మన స్నానాలగది అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడుగు, తొమ్మిదడుగుల ఎత్తు ఉంటుందనుకోండి. అందులో ఉన్న గాలి మొత్తం 9 ఘనపు మీటర్లే. గ్యాసు గీజరు పావుగంటలో పావుకిలో కాలుస్తుంది, అంటే గదిలో మూడో వంతు గాలి తాగేస్తుంది. చలికాలం కాబట్టి కిటికీ మూసేస్తాం, దోమలకని దానికి ఎప్పుడో అట్ట కూడా కొట్టేసి ఉంటాం. గాలి తగ్గినకొద్దీ మంట సరిగ్గా కాలదు. అప్పుడు పుట్టేది కార్బన్ మోనాక్సైడ్. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌కి ప్రాణవాయువుకన్నా 200 రెట్లకి పైగా గట్టిగా అతుక్కుంటుంది.

దీంట్లో ఉన్న మోసం మన ముక్కుది. గ్యాసు లీకయితే వాసనొస్తుందని చిన్న పిల్లలకి కూడా తెలుసు. ఆ వాసన గ్యాసుది కాదు, మనకి తెలియడం కోసం మెర్కాప్టాన్ అనే కంపు పదార్థం కలుపుతారు. కాలగా పుట్టిన కార్బన్ మోనాక్సైడ్‌కి ఎవరూ ఏమీ కలపలేదు. దానికి వాసన లేదు, రంగు లేదు, కంట్లో మంట కూడా పుట్టించదు. నీళ్ళపొయ్యి పొగ కనీసం దగ్గించి లేపి బయటికి తరిమేది. ఇది కూర్చున్నచోటనే నిద్రపుచ్చుతుంది. స్నానానికి వెళ్ళి స్పృహ తప్పి, మూర్ఛలొచ్చి ఆసుపత్రికి వచ్చినవాళ్ళని చూసి చూసి మన దేశపు న్యూరాలజిస్టులు దీనికి గ్యాస్ గీజర్ సిండ్రోమ్ అని ఒక పేరే పెట్టేశారు. ఇదేమీ కొత్త ప్రమాదం కాదు. 1868లో లండన్‌లో బెంజమిన్ వాడీ మాన్ మొట్టమొదటి గ్యాసు నీళ్ళ హీటరు తయారుచేసినప్పుడే దానికి పొగగొట్టం లేదు. నూటయాభై ఏళ్ళు దాటాక కూడా మనం ఆ పెట్టెని తలుపు గడియ వేసుకునే గదిలోనే బిగిస్తున్నాం, పైపు ఖర్చు తగ్గుతుందని. బయట వసారాలో బిగించి, వేడినీళ్ళ పైపు మాత్రం లోపలికి తెస్తే ఈ గోలే లేదు. అలా కుదరని ఇంట్లో గ్యాసు గీజరు పెట్టకూడదు. ఇందులో రెండో అభిప్రాయానికి నేను చోటివ్వను.

మేనల్లుడికి ఇదంతా వింతగా ఉంది. వాళ్ళ పెరట్లో పెద్ద ప్రొపేన్ ట్యాంకు, గోడకి ట్యాంకులేని హీటరు, దాని పొగ గోడ అవతలికి పోవడానికి గొట్టం. గొట్టం లేకుండా తనిఖీవాళ్ళు ఒప్పుకోరట. వాళ్ళకి శుద్ధ ప్రొపేన్ ఎందుకంటే, సున్నా డిగ్రీల దగ్గర బ్యూటేన్ ఆవిరి కాక ట్యాంకులోనే ఉండిపోతుంది. మన బండలో రెండూ కలిపి పోస్తారు, మన చలి దానికి ఒక లెక్క కాదు. "మావయ్యా, ఇక్కడ కుళాయిలోంచి నాలుగు డిగ్రీల నీళ్ళొస్తాయి, మీకసలు హీటరెందుకు?" అన్నాడు. నెత్తిన నీళ్ళు పోసుకుని చూడమన్నది ఇలాంటి వాళ్ళనే.

ఇక డబ్బు. షాపుల్లో కరెంటుకన్నా గ్యాసే చవకంటారు, వీధిలో కొందరు కాదంటారు. నేను కాగితం తీసుకుని కూర్చున్నాను. 20 లీటర్ల బక్కెట్టుని 20 డిగ్రీల నుంచి 40కి తేవాలంటే, వృథాతో కలిపి అర యూనిటు కరెంటు. గ్యాసుతో అయితే, నూటికి ఇరవై పాళ్ళు వేడి గాలిలో పోతుందనుకున్నా, 45 గ్రాములు. 14.2 కిలోల బండ మూడొందల బక్కెట్లకి కాస్త పైన వస్తుంది. బండ తొమ్మిదొందలనుకుంటే బక్కెట్టుకి దాదాపు మూడు రూపాయలు. కరెంటు సంగతి మీ మీటరు ఏ స్లాబులో ఉందన్నదాన్ని బట్టి. మన రాష్ట్రంలో 2022లో వచ్చిన స్లాబుల ప్రకారం 126 నుంచి 225 యూనిట్ల దాకా యూనిటు 6 రూపాయలు, అంటే బక్కెట్టు మూడు రూపాయలే, ఇంచుమించు సమానం. 225 దాటితే 8 రూపాయల 75 పైసలు, అప్పుడు గ్యాసుది పైచెయ్యి. 125 లోపు ఉంటే నాలుగున్నర, అక్కడ కరెంటు చవక. సర్దుబాటు చార్జీలు దీనికి అదనం, వాటి లెక్క వేసే ఓపిక నాకు లేదు. ఏసీ ఉన్న ఇంటికి ఒక జవాబు, లేని ఇంటికి ఇంకో జవాబు. కానీ ఏసీ ఆడే నెలల్లో వేణ్ణీళ్ళు ఎవరికి కావాలి? చలికాలంలో మా ఫ్యాన్లు కూడా ఆగిపోతాయి, మీటరు కింది స్లాబుకి జారుతుంది. అలా చూస్తే మా ఇంటికి కరెంటే నయం. బక్కెట్టుకి రూపాయి తేడా కోసం ఇంత వాదన అవసరమా అంటే, వాదన రూపాయి కోసం కాదు గనకే జరుగుతుంది.

తుపాను మాట కూడా ఒకటి వస్తుంది మా వైపు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ. స్తంభాలు వరసగా ఒరిగిపోయి, ఊళ్ళకి ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలే నేలమట్టమయ్యాయి. అప్పుడు గ్యాసు గీజరున్నవాళ్ళే రాజులు కదా అంటారు. కాదు. కరెంటు లేకపోతే మోటారు ఆడదు, మోటారు ఆడకపోతే ట్యాంకులో నీళ్ళుండవు. జనరేటరు అద్దెకి తెచ్చి నింపుకున్న నీళ్ళు తాగడానికే చాల్లేదు. ఆ రోజుల్లో నీళ్ళు దొరికింది చేతిబోరు దగ్గర, నూతి దగ్గర. ఆ నీళ్ళు ఎలాగూ వెచ్చగానే ఉంటాయి.

కరెంటు గీజరు శుభ్రమంటారు. పొగ లేదు, మంట లేదు, తెల్లటి డ్రమ్ము, ఎర్రలైటు. మా పాతది విప్పినప్పుడు లోపలి శుభ్రం చూశాను. ఎలిమెంటు కనిపించకుండా సుద్ద పెచ్చులు కట్టింది. డ్రమ్ముకి తుప్పు పట్టకుండా తను కరిగిపోవడానికి పెట్టే మెగ్నీషియం కడ్డీ ఉంటుంది. అది పూర్తిగా కరిగిపోయి, లోపలి సన్నటి ఇనపతీగ ఒక్కటే మిగిలింది. బోరునీళ్ళ ఊళ్ళలో ఆ కడ్డీ రెండేళ్ళకొకసారైనా చూసుకోవాలి, అది కరిగిపోయాక కరగడం డ్రమ్ము వంతు. కొనేటప్పుడు నక్షత్రాలు లెక్కపెడతాం గానీ ఈ కడ్డీ గురించి అడగం. నక్షత్రాలు చెప్పేది రోజంతా ఆన్‌లో ఉంచితే వేడి ఎంత నిలుస్తుందన్నది. మనవాళ్ళు నక్షత్రాల్ని నమ్మరు, స్విచ్చిని నమ్ముతారు. వెయ్యడం ఇరవై నిమిషాల ముందు, వేసిన క్షణం నుంచి ఇల్లంతా ఒకటే కేక: "గీజరు కట్టేశారా?"

ఈ శుభ్రంలోనూ నిప్పు ఉంది. మన గోడ అవతల లేదంతే. విశాఖ పక్కన పరవాడలో సింహాద్రి థర్మల్ కేంద్రం బాయిలర్లలో బొగ్గుగా మండుతోంది. ఆ బొగ్గు వేడిలో మూడో వంతుకి కాస్త పైనే తీగెక్కుతుంది, మిగతాది సముద్రానికి, ఆకాశానికి. నీళ్ళు కాచుకోవడానికి అంత దూరాన నిప్పు పెట్టి, దాన్ని కరెంటు చేసి, తీగల మీద తెచ్చి మళ్ళీ వేడి చేసుకోవడం కొంచెం వింత వ్యవహారమే. పరవాడ వాళ్ళు బూడిద గురించి చెప్పే మాటలు వింటే గీజరు తెలుపు వేరుగా కనిపిస్తుంది. శ్రీకాకుళం జిల్లాకి ఇది ఇంకా బాగా తెలుసు. సోంపేట దగ్గర బీల అనే చిత్తడినేలలో థర్మల్ కేంద్రం వద్దని జనం అడ్డం పడ్డప్పుడు 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. మరుసటి ఏడు ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో మళ్ళీ కాల్పులు, మళ్ళీ చావులు. ఆ నిప్పు మా పొలాల పక్కన వద్దన్న జిల్లాలోనే పొద్దున్నే గీజరు స్విచ్చి వేస్తున్నాం, నాతో సహా. ఇది తప్పని చెప్పడానికి రాయడం లేదు. సోంపేట వాళ్ళు అడిగింది కరెంటు వద్దని కాదు, చేపలూ నీళ్ళూ ఉన్న బీలని వదిలెయ్యమని. అయినా స్విచ్చి మీద వేలు పెట్టినప్పుడు ఎక్కడో ఒకచోట ఎవరో నీళ్ళపొయ్యి పక్కన కూర్చున్నారన్న ఎరుక ఉండటం మంచిది.

మేడమీద సోలార్ పెట్టుకుంటే ఈ బాధలేవీ లేవు కదా అంటారు. నిజమే. మా మేడ మా సొంతం కాదు, పైవాళ్ళది. అక్కడితో ఆ మాట ముగిసింది.

మిగిలింది ఇంట్లో లెక్క. 25 లీటర్ల డ్రమ్ములో నీళ్ళు 60 డిగ్రీలకి కాగితే, చన్నీళ్ళు కలిపాక రెండున్నర బక్కెట్లొస్తాయి. మళ్ళీ కాగడానికి అరగంట పైన. మా ఇంట్లో అయిదుగురం. ముందు బడికెళ్ళే పిల్లలు, తరవాత బడికే వెళ్ళే నేను, తరవాత మా అమ్మ, ఆవిడకి రెండు బక్కెట్లు లేనిదే స్నానం చేసినట్టుండదు. అందరివీ అయ్యాక కుళాయిలోంచి వచ్చే గోరువెచ్చని నీళ్ళు మా ఆవిడకి. ఉద్దానం నీళ్ళపొయ్యి ఆవిడ వెంటే అత్తవారింటికి కాపురానికొచ్చిందన్నమాట. ఎన్ని లీటర్లది తీసుకోవాలని షాపువాడు అడిగినప్పుడు ఇంట్లో ఎంతమందని చెబుతాం. ఆఖర్న చేసేదెవరని వాళ్ళు అడగరు, మనం చెప్పం. గ్యాసు గీజరుకి నేను మనసులో పెద్ద మార్కు వేసింది ఇక్కడే: దానికి ఆఖరి మనిషంటూ లేదు.

కానీ మా స్నానాలగదికి వసారా లేదు. వెనక గోడ పక్కింటి గోడ. గ్యాసు పెట్టె బిగిస్తే లోపలే బిగించాలి. అంతటితో తేలిపోయింది. 25 లీటర్ల కరెంటు గీజరు తెచ్చాం.

బిగించడానికొచ్చిన ఎలక్ట్రీషియన్ ముందు టెస్టు లైటు తీశాడు. ఒక తీగ ఫేజులో, ఒక తీగ సాకెట్టు పైనున్న పెద్ద రంధ్రంలో పెట్టాడు. బల్బు వెలగలేదు. మళ్ళీ పెట్టాడు. వెలగలేదు. స్విచ్చిబోర్డు విప్పి చూసి, "మేస్టారూ, ఎర్తింగు పేరుకేనండి. తీగ గోడలోకెళ్ళి ఆగిపోనాది. ఇన్నేళ్ళూ మీరంతా ఎర్తు లేకుండానే తానాలు సేసేరు" అన్నాడు. వంటింట్లోంచి మా అమ్మ, "అమ్మవారి దయ" అంది. అమ్మవారి దయతో పాటు ఒక గొయ్యి కూడా ఉంటే మంచిదని, గీజరు పక్కన పెట్టి నుయ్యి పక్కన గొయ్యి తవ్వించాం. ఎనిమిదడుగుల పైపు దింపి చుట్టూ బొగ్గు, ఉప్పు వరసలుగా పోశాడు. వేసవిలో దాంట్లో రోజూ ఒక బక్కెట్టు నీళ్ళు పొయ్యమన్నాడు. గీజరు బిగింపు కూలికన్నా గొయ్యికే ఎక్కువయింది. మా ఇంట్లో ఇప్పటిదాకా పెట్టిన ఖర్చుల్లో నాకు పూర్తిగా ఒప్పుదలైన ఖర్చు ఇదొకటి.

మర్నాడు పొద్దున్న టెస్టు లైటు భేషుగ్గా వెలిగింది. స్విచ్చి వేశాం, ఎర్రలైటొచ్చింది. నేను తువ్వాలు భుజాన వేసుకుని లేచాను. మా ఆవిడ అప్పటికే స్నానాలగది గుమ్మంలో నిలబడి ఉంది.

"మీరు పేపరు చదువుకోండి. అరగంటలో మళ్ళీ కాగుతాయి" అని తలుపేసుకుంది.